ఆపరేషన్ సర్ది

బీరప్ప మోటార్ సైకిల్ ఆగింది. బీరప్ప మాత్రం దిగలేదు.

నారాయణఖేడ్ నుంచి హైదరాబాద్ వెళ్లే రోడ్డు మీద, ఒక టీ కొట్టు ముందు, హ్యాండిల్ మీద తల వాల్చి అలాగే ఉండిపోయాడు. కునుకు తీస్తున్నాడేమోనని కొట్టువాడు భుజం తట్టాడు. మనిషి పక్కకు ఒరిగిపోయాడు. మెడ మీద దోమ కుట్టినంత ఎర్రటి చుక్క. విషపు సూది.

బండి వెనక కట్టిన తెల్ల ఐస్ పెట్టె మాయమైంది. సిర్గాపూర్ చుట్టుపక్కల జ్వరం పట్టిన వాళ్ల ముక్కుల్లోంచి తీసిన నమూనాలు అందులో ఉన్నాయి. వాటిని ల్యాబ్‌కు మోసుకెళ్లడమే బీరప్ప ఉద్యోగం.

వింతేమిటంటే, పెట్టె ల్యాబ్‌కు టైము తప్పకుండా చేరింది. బీరప్ప కార్డు మెడలో వేసుకుని, ముఖానికి మాస్కు కట్టుకుని, ఎవరో తెచ్చి ఇచ్చి వెళ్లిపోయారు. రిపోర్టు కూడా వచ్చేసింది. కరోనా కాదు. ఏటా వచ్చే ఫ్లూ.

హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసులో, దసరా వెళ్లిన మర్నాడు పొద్దున్నే, చీఫ్ మాణిక్యప్ప ఆ రిపోర్టును బల్ల మీద పడేశాడు. ఆ ఏడు దేశమంతా మాస్కుల్లో ఉంది. చీఫ్ మాస్కు మాత్రం గడ్డం కింద ఉంది.

"పెట్టె మార్చిన్రు ధర్మా," అన్నాడు.

"ఎవరు?"

"సెవెంత్ సీజన్."

ఏజెంట్ ధర్మేందర్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఆ పేరు అతనికి తెలుసు. విదేశీ ముఠా. మందుల దందా. గడువు దాటిన ఫ్లూ గోళీలు వాళ్ల గోడౌన్లలో కొండలుగా పడి ఉన్నాయని ఎప్పటి నుంచో వినికిడి.

"గోళీలకు కొత్త లేబుళ్లు అంటించిన్రు," అన్నాడు చీఫ్. "కరోనా అంటే ఆ గోళీ ఎవడు కొంటడు? ఫ్లూ అంటే కొంటడు. అందుకే నారాయణఖేడ్‌ల ఫంక్షన్ హాల్ తీసుకున్నరు. రేపు పొద్దున ఉచిత ఫ్లూ క్యాంపు. పది ఊర్ల జనం వస్తరు. జ్వరమున్నోళ్లు, లేనోళ్లు ఒక్కటే హాల్‌ల. లైవ్ వీడియో. దేశదేశాల కొనేటోళ్లు చూస్తరు. జనం హాల్‌లకు పోకముందే నువ్వు ఆపాలె."

"సర్, ఒక్క మాట," అన్నాడు ధర్మేందర్. "ఫ్లూకు దీనికి అంత ఫరక్ ఏముంది? దానికీ జ్వరమే, దీనికీ జ్వరమే. దానికీ దగ్గే."

మూలన కూర్చున్న డాక్టర్ సంధ్యారాణి తల ఎత్తింది. ఆ డిపార్ట్‌మెంట్‌లో వైరస్‌ల సంగతి చూసేది ఆమే.

"ఫ్లూ పాత చుట్టం. ఏటా వచ్చి పోతుంది. మన ఒంటికి దాని ముఖం కొంత ఎరుక. టీకా ఉంది, మందుంది. ఇది కొత్తది. ఎవరి ఒంటికీ దీని పరిచయం లేదు. టీకా ఇంకా రాలేదు."

"ఇంకా?"

"ఫ్లూ తగిలితే రెండు మూడు రోజుల్లో మంచమెక్కిస్తుంది. తగిలిందని మనిషికి జల్దీ తెలుస్తుంది. ఇది వారం దాకా, ఒక్కోసారి రెండు వారాల దాకా ఒంట్లో దాక్కుంటుంది. నాకేం కాలేదని తిరిగేవాడి ఊపిరితోనే పక్కవాడికి పోతుంది. చాలామందికి తేలిగ్గానే తగ్గుతుంది. కానీ ముసలివాళ్లను, ఆయాసం ఉన్నవాళ్లను ఫ్లూ కంటే ఎక్కువ పట్టుకుపోతుంది. మారువేషంలో తిరగడం మీకొక్కరికే వచ్చనుకోకండి."

ధర్మేందర్ నవ్వాడు.

"బయలుదేరే ముందు మీరూ పరీక్ష చేయించుకోండి. పక్క గదిలోనే."

"జ్వరం లేనోనికి పరీక్ష ఏంది డాక్టరమ్మా?"

చీఫ్ ఒక లైటర్ చేతిలో పెట్టాడు. పైన నొక్కితే మంట, పక్కన నొక్కితే ఫోటో. "అక్కడ నీ మనిషి స్తెఫను. దవాఖాన స్టాఫ్‌ను ఊర్లకు తిప్పే ఆటో ఆయనదే. హాల్ ఫోటోలున్న చిప్ జమ్మి ఆకుల కింద పెడతడు. ఆకు ఆటో సీటు మీదనే ఉంటది, తీసుకో. మనిషిని ముట్టుకోవద్దు. సమజైందా?"

"స్తెఫను నా దోస్తే సర్. కల్హేర్ బడిల ఒక్కటే బెంచి."

"అందుకే చెప్తున్న. ఇగ ముఠా లోపల సౌందర్య ఉంది. మన మనిషే. వాళ్ల మనిషి సుత. ఏ పూట ఎవరి మనిషో నాకే తెల్వదు."

చీఫ్ రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. ధర్మేందర్ అది పట్టించుకోలేదు. పక్క గది తలుపు తెరిచే ఉంది. లోపల నర్సు చేతికి గ్లౌజులు వేసుకుని నిలబడి ఉంది. ధర్మేందర్ ఆ తలుపు దాటి మెట్లు దిగిపోయాడు.

*

మధ్యాహ్నానికి నారాయణఖేడ్ బస్టాండులో ఒక మేస్త్రీ దిగాడు. సిమెంటు మరకల ప్యాంటు, తాపీ ఉన్న సంచి, నెత్తికీ మూతికీ చుట్టిన తువ్వాల. హైదరాబాద్‌లో పని చేసుకుని పండుగకు ఊరొచ్చిన వందమందిలో ఒకడు. ధర్మేందర్‌ను కన్నతల్లి చూసినా గుర్తుపట్టేది కాదు.

బస్టాండు నిండా అలాయ్ బలాయ్ నడుస్తోంది. దసరా నాడు కలవని వాళ్లు ఇప్పుడు కలుస్తున్నారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారమని చెప్పి, గట్టిగా కౌగిలించుకుంటున్నారు. ఫ్లూ అని రిపోర్టు వచ్చాక మాస్కులు జేబుల్లోకి పోయాయి.

ఒక్క స్తెఫను ముఖానికే మాస్కు ఉంది. ఆటోకు ఆనుకుని నిలబడ్డాడు. వాళ్లది చర్చికి పోయే ఇల్లు. అయినా దసరా ఆకు పంచుకోవడంలో అతను ఏనాడూ వెనకపడలేదు.

"బంగారం తెచ్చినవా?" అన్నాడు ధర్మేందర్. అది కోడ్.

"సీటు మీద వెట్టిన. తీస్కో." అదీ కోడే.

ధర్మేందర్ వంగబోయి ఆగాడు. ఎదురుగా పండ్ల బండి దగ్గర నల్ల కళ్లద్దాల మనిషి నిలబడ్డాడు. పండ్లు కొనడం లేదు. వీళ్లనే చూస్తున్నాడు. పండుగ మర్నాడు ఇద్దరు దోస్తులు ఎదురుపడి కౌగిలించుకోకపోతే ఈ ఊళ్లో ఎవడికైనా అనుమానమే.

"అలాయ్ బలాయ్ తీస్కుందాం రారా," అన్నాడు గట్టిగా.

స్తెఫను ఒక అడుగు వెనక్కి వేశాడు. "వద్దురా. ఇంట్ల అమ్మకు ఆయాసం. నీకు తెల్వదా?"

"ఒకడు చూస్తుండు. రా."

"చూడనీ. హైదరాబాద్ నుంచి వస్తివి. గీ బీమారి..."

"నాకు జ్వరం లేదు. చెయ్యి వట్టి చూడు. ఇంత భయమేందిరా నీకు, ఆడపిల్ల లెక్క?"

స్తెఫను ముఖం చిన్నబోయింది. ఆ మాట పడ్డాక అతను కదల్లేదు. ధర్మేందర్ అతన్ని దగ్గరకు లాక్కుని, మూతి మీది తువ్వాల కిందికి జరిపి, చెవిలో గుసగుసలాడాడు. "పెట్టె యాడుంది?"

"హాల్ వెనక స్టోరు. రేపు క్యాంపు గాంగనే స్టోరు కాలవెడ్తరంట. జల్దీ ఇడువు నన్ను."

నల్ల కళ్లద్దాల మనిషి ముఖం తిప్పుకుని వెళ్లిపోయాడు. సీటు మీది ఆకు, దాని కింది చిప్ ధర్మేందర్ సంచిలోకి చేరాయి. ఎంత చాకచక్యంగా పని జరిగిందోనని ధర్మేందర్ లోపల మురిసిపోయాడు.

*

మర్నాడు పొద్దున ఫంక్షన్ హాల్ ముందు జనం. ఆటోలు, ట్రాక్టర్లు, టూవీలర్లు. గేటు మీద రంగుల బ్యానరు. హాల్ తలుపులకు రిబ్బను కట్టారు. వెనక స్టోరు తలుపుకు తాళం వేశారు.

బెల్టు బకిల్‌లో దాచిన రంపపు తీగతో ధర్మేందర్ తాళం కోశాడు. లోపల చీకటి. అట్టపెట్టెలు కప్పు దాకా ఉన్నాయి. మూలన తెల్ల ఐస్ పెట్టె కనిపించింది. దగ్గరకు వెళ్లి, ఫోటో తీద్దామని లైటర్ తీశాడు. చూడ్డానికి వెలుతురు కావాలి. ముందు మంట నొక్కబోయాడు.

వెనక చీకట్లోంచి ఒక చెయ్యి వచ్చి లైటర్‌ను లాక్కుంది.

"చావాలని ఉందేనప్పా నీకు?"

సౌందర్య. ఎర్ర చీర, ఎర్ర మాస్కు, రెండో చేతిలో చిన్న పిస్తోలు. బీదర్ వైపు పిల్ల. కోపమొస్తే మాటలో కన్నడం తొంగిచూస్తుంది.

"కాళ్ల కింద చూసుకో. పెట్రోలు. నేలంతా పోసిండ్రు. నాకు మాస్కులకెళ్లి సుత వాసనకు తల తిరుగుతుంది. నీకు వస్తలేదా?"

ధర్మేందర్ వంగాడు. చెప్పులు తడిగా ఉన్నాయి. వేలితో నేల తాకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గాలి హాయిగా లోపలికి వెళ్లింది. ముక్కు బిగుసుకోలేదు. జలుబు లేదు. తుమ్ము లేదు. వాసన మాత్రం లేదు.

ఆ వేలును మళ్లీ పెట్టుకున్నాడు. మళ్లీ పీల్చాడు. నీళ్ల లెక్క ఉంది.

సర్దికైతే ముక్కు మూసుకుపోయి వాసన పోతుంది. తెరుచుకున్న ముక్కుకు వాసన పోతే దాని పేరు వేరు. ఆ సంగతి అతను పేపర్లో చదివాడు. టీవీలో విన్నాడు. వేరేవాళ్ల సంగతి అనుకున్నాడు.

నిన్న బస్టాండు గుర్తొచ్చింది. వద్దురా అన్న దోస్తు. ఆడపిల్ల లెక్క అన్న తన నోరు. ఆ నోరే స్తెఫను చెవి పక్కన పెట్టి మాట్లాడాడు. ఆ చెవి, ఆ ముఖం రాత్రికి ఇంటికి పోయి ఉంటాయి. అక్కడ అతని తల్లి సాలమ్మ ఉంటుంది. బడి రోజుల్లో ఇద్దరికీ ఒకే కంచంలో అన్నం పెట్టిన సాలమ్మ. నాలుగు మాటలకోసారి ఊపిరి కోసం ఆగే మనిషి.

తుపాకీ దెబ్బలు తిన్నప్పుడు కూడా తల దించని ధర్మేందర్ అప్పుడు తల దించుకున్నాడు. చెవుల దాకా వేడెక్కింది. అది జ్వరం కాదు.

"సౌందర్యా, దూరం జరుగు," అన్నాడు. తువ్వాలను ముక్కు మీదికి బిగించి కట్టాడు.

అంతలో టార్చి వెలిగింది. గుమ్మంలో వాల్టర్ నిలబడ్డాడు. సెవెంత్ సీజన్ ముఠా నాయకుడు. ఆరడుగుల తెల్లతోలు మనిషి, పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలుగు. వెనక ఇద్దరు పహిల్వాన్లు.

"సుస్వాగతం, మిస్టర్ ధర్మేందర్. ఆ పెట్టె తెరవవలసిన శ్రమ వద్దు. సీసాలన్నిటిలో ఇప్పుడు బ్లీచింగ్ నీళ్లు ఉన్నాయి."

"మళ్ల తీస్తరు నమూనాలు. మనుషులు బతికే ఉన్నరు."

"తీయించుకొనరు." వాల్టర్ నవ్వాడు. "మా ఆయుధం వైరస్ కాదు, మిత్రమా. సిగ్గు. కరోనా అంటే ఇంటి ముందు కర్రలు కడతారు. పాలవాడు రాడు. పొరుగువారు తలుపు వేసుకుంటారు. ఫ్లూ అంటే ఏమీ లేదు. నీకు ఏది కావాలని ఎవరినైనా అడుగు. ఫ్లూ అనే అంటారు. మేము వారికి కావలసిన పేరు ఇచ్చాము, అంతే. వీనిని కట్టివేయండి."

"దగ్గరికి రాకుండ్రి," అన్నాడు ధర్మేందర్. "నాకు కరోనా."

పహిల్వాన్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఒకడు జేబులో మాస్కు కోసం వెతుక్కున్నాడు.

"అది ఫ్లూ!" అరిచాడు వాల్టర్.

"ఫ్లూ అయితే మీరే కట్టుండ్రి సార్," అన్నాడు రెండోవాడు.

చివరికి సౌందర్య ముందుకొచ్చింది. ముఖం పక్కకు తిప్పుకుని ధర్మేందర్ చేతులు వెనక్కి కట్టింది. వాల్టర్ గడియారం చూసుకున్నాడు. జనం ఎదురుచూస్తున్నారు. అందరూ బయటికి వెళ్లాక ధర్మేందర్ మణికట్లు కదిపాడు. ముడి లేదు. తాడు ఊరికే చుట్టి ఉంది, అంతే. ఈ పూటకు సౌందర్య మన మనిషే.

*

హాల్ ముందు మైకులో అనౌన్స్‌మెంట్ మొదలైంది. "అందరూ మాస్కులు తీయాలె. వీడియోల ముఖాలు మంచిగ కనవడాలె. రిబ్బను కట్ గాంగనే లోపలికి పోవాలె. ఏసీ ఉంది, తలుపులు మూస్తరు." జనం తోసుకుంటున్నారు. ముందు వరసలో సిర్గాపూర్ వాళ్లు. అందులో చంద్రమ్మ అనే ఆసామి ఇల్లాలు కొంగు నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకుంటోంది.

ధర్మేందర్ ప్రహరీ పక్కగా ఆటోల దగ్గరకు పరుగెత్తాడు. దూరంలోనే ఆగిపోయాడు.

"స్తెఫను! దగ్గరికి రాకు. నీ ఆటోల ర్యాపిడ్ కిట్లు ఉన్నయా?"

"దవాఖానవి ఉన్నయి. ఎందుకు?"

"ఒకటి ఇసురు."

స్తెఫను అతని ముఖానికి బిగించిన తువ్వాలను చూశాడు. అర్థమైంది. కిట్ తీసి, మట్టిలో పడేలా విసిరాడు. అందుకునేలా విసరలేదు.

"ఆడపిల్ల లెక్క భయపడ్డ గదరా నిన్న," అన్నాడు.

ధర్మేందర్ వంగి కిట్ ఏరుకున్నాడు. ట్రాక్టరు ట్రాలీ ఒకటి ఖాళీగా ఉంటే ఎక్కాడు. చుట్టూ పదడుగుల దాకా ఎవరూ లేరు. అతని ఉద్యోగంలో మొదటి పాఠం, ముఖం ఎవరికీ చూపకూడదు. రెండో పాఠం, పేరు ఎవరికీ చెప్పకూడదు.

"ఓ సిర్గాపూరోళ్లారా! ఇటు సూడుండ్రి!" గొంతు చించుకుని అరిచాడు. "నేను మేస్త్రీని గాను. సర్కారు గూఢచారిని. నా పేరు ధర్మేందర్. మాది కల్హేర్."

జనం తిరిగారు. ఎవడో నవ్వాడు. "తాగిండు వీడు. పండుగ ఇంక దిగలే."

"తాగలే. ఫ్లూ అని మీరెట్ల అనుకున్నరో నేను సుత అట్లనే అనుకున్న. నాకు జ్వరం లేదు, దగ్గు లేదు. పెట్రోలు వాసన గూడ వస్తలేదు. సూడుండ్రి."

పుల్లను ముక్కులో తిప్పాడు. కళ్లలో నీళ్లొచ్చాయి. సీసాలో ముంచి, పట్టీ మీద చుక్కలు వేసి, చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. తలుపు దగ్గర వాల్టర్ కత్తెర పట్టుకుని అరుస్తున్నాడు. "కెమెరా ఇటు! కెమెరా ఇటు!" కెమెరా దగ్గర సౌందర్య ఉంది. ఆమె కెమెరాను మెల్లగా ట్రాక్టరు వైపు తిప్పింది. దేశదేశాల కొనేటోళ్లు ఇప్పుడు సిమెంటు మరకల మనిషిని చూస్తున్నారు.

పట్టీ మీద మొదట ఒక గీత. ఎండలో నిలబడ్డ జనం గొణుగుతున్నారు. లోపలికి పోదాం పట్టు అని తోస్తున్నారు. వాల్టర్ కత్తెర రిబ్బనుకు ఆనింది. అప్పుడు రెండో గీత, లేత ఎరుపులో, తేలింది.

"రెండు గీతలు!" ముందున్న పిల్లవాడు కేక పెట్టాడు.

జనం అల వెనక్కి పోయినట్టు పోయారు. "థూ, గీ బీమారి వెట్టుకొని ఊర్ల దిరుగుతుండా!" "ఎవరింటికి వోయినవ్ రా?" "సర్కారు మనిషివి, సిగ్గు లేదా?"

"ఉంది," అన్నాడు ధర్మేందర్. "నిన్న బస్టాండుల నా దోస్తును పట్టుకొని అలాయ్ బలాయ్ తీస్కున్న. వాడు వద్దన్నడు. ఇంట్ల ముసలి తల్లికి ఆయాసమన్నడు. నేనే ఇనలే. ఆ సిగ్గు నేను మోస్త. మీరు మోయకుండ్రి. హాల్‌లకు పోవద్దు. గాలికి దూరం దూరం నిలవడి పరీక్ష చేయించుకోండ్రి."

ఎవరూ కదల్లేదు. వాల్టర్ మళ్లీ కత్తెర ఎత్తాడు.

చంద్రమ్మ కొంగు నోట్లోంచి తీసింది. ఆపుకున్న దగ్గంతా దగ్గింది.

"బిడ్డా," అంది, "పండుగ నాడు మా కోడలు మటన్ మాడవెట్టింది. ఇల్లంత పొగ. అందరు అరుస్తున్నరు. నాకే ఏం తెల్వలే. కోడలికి భయపడి చెప్పలే." స్తెఫను ఆటో వైపు నడిచింది. దూరంగా నిలబడింది. "నా ముక్కుల వెట్టు ఆ పుల్ల."

ఆమె వెనక ఒకాయన కదిలాడు. అతని వెనక ఇంకొకామె. స్తెఫను దవాఖానకు ఫోన్ కలిపాడు. రిబ్బను తెగలేదు.

వాల్టర్ కత్తెర పడేసి కారు వైపు పరుగెత్తాడు. కెమెరా వదిలి ముందే వచ్చిన సౌందర్య వెనక సీట్లో కూర్చుని ఉంది. పిస్తోలు అతని వైపే ఉంది. "మాస్కు వెట్టుకో సారూ," అంది. "పోలీసులు వస్తుండ్రు. బీరప్పను చంపిన సూది సంగతి వాళ్లతో మాట్లాడుదువు."

*

ఐసొలేషన్ వార్డులో ధర్మేందర్ గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వచ్చే నర్సుల ముఖం చూడలేకపోయేవాడు. చీఫ్ ఇంకో ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. మాటకు మాటకు మధ్య ఆక్సిజన్ శబ్దం. "నీకు అంటింది నా దగ్గే ధర్మా, వారం నుంచి దగ్గుతున్న," అన్నాడు. ఇద్దరూ ఫోన్ పెట్టేశారు.

పోలీసు కాపలాలో ఉన్న వాల్టర్‌కు కూడా పక్క గదిలో జ్వరమొచ్చింది. నీ గోళీ ఒకటి వేసుకుంటావా అని నర్సు అడిగితే, నోరు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపాడట.

స్తెఫనుకు పాజిటివ్ వచ్చిందని తెలిశాక ధర్మేందర్ చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. చివరికి నొక్కాడు.

"ఎట్లుందిరా?"

"సర్ది లెక్కనే ఉంది. తగ్గుతుంది."

"అమ్మ?"

అవతల స్తెఫను దగ్గి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మకు ఏం గాలే. నేను ఆ దినం ఇంటికే వోలే. ఆటోలనే పండుకున్న. ఇప్పటిదాంక అమ్మ దగ్గరికి వోలే."

"నాకున్నదని నాకే తెల్వదు గదరా అప్పుడు. నీకెట్ల తెలుసు?"

"నాకు తెల్వలే. నీ మాట మీద భరోస లేకుండె. గంతే."

ధర్మేందర్ ఫోన్ దించాడు. ఇంతకంటే మంచి వార్త అతను వినలేదు. ఇంతకంటే పెద్ద తిట్టు కూడా తినలేదు.

వార్డు నుంచి బయటపడ్డ రోజు బస్టాండు దాకా నడిచాడు. మారువేషం లేదు. అవసరం కూడా లేదు. ఆ వీడియో చూడని ఇల్లు ఆ చుట్టుపక్కల లేదు. దేశంలోకెల్లా రహస్యమైన గూఢచారిని నారాయణఖేడ్‌లో పాలబుగ్గల పిల్లలు కూడా పేరు పెట్టి పిలిచారు. నమస్తే కూడా పెట్టారు, రోడ్డు అవతలి నుంచి.